కన్ఫర్మ్ చేసిందెవరు?

ఆ లాండ్రీలో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడానికి కప్పులో టీ చల్లారేంత సేపు చాలునని సూపర్‌వైజరు గొప్పగా చెప్పుకునేవాడు. పొడుగ్గా, నిటారుగా ఉండి, నోరు తెరిస్తే టైమెంతయిందో చెప్పే ఆ మనిషికి పనివాళ్లు ‘గడియారం’ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఉదయం గడియారం ఒక ఇంటి చిన్నకోడలికి పని నేర్పుతున్నాడు. ఆ ఇంటి పెద్దకోడలు ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తోంది. తోడికోడల్ని వెంటబెట్టుకొచ్చి, మాట చెప్పి, పనిలో చేర్పించిందీ ఆవిడే.

హోటళ్ల నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చే దుప్పట్లు ఆ గదిలో గుట్టలుగా పడి ఉంటాయి. ఉతికిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో మూలా పట్టుకుని సాగదీసి అంచు అందిస్తే, కాలే రోలర్లు దాన్ని లోపలికి లాక్కుని, ఇస్త్రీ చేసి అవతలికి వదులుతాయి. ఆ ఆవిరిలో అరగంట నిలబడితే ఒంటిమీది బట్టలు కూడా ఉతికినట్టే తడుస్తాయి. వరసగా ఉన్న అలాంటి మిషన్లలో ఒకదాని ముందు, దుప్పటికి చెరో మూలా పెద్దకోడలు, చిన్నకోడలు నిలబడ్డారు.

దుప్పటి రోలర్లలో ఇరుక్కుని మిషన్ ఆగినప్పుడల్లా తెర మీద ఇంగ్లీషులో ఏవో నాలుగు ముక్కలు వస్తాయనీ, వాటి కింద పచ్చమీట వెలుగుతుందనీ, మెడలో ఉన్న కార్డు చూపించి అది నొక్కితే రోలర్లు మళ్లీ తిరుగుతాయనీ గడియారం చెప్పాడు. పాఠం అక్కడితో అయిపోయింది. చిన్నకోడలు బడి మానేసి చాలా కాలమైనా అక్షరాలు మరిచిపోలేదు. మీట మీద ఉన్న మాటను కూడబలుక్కుంది. కన్ఫర్మ్. ఆ పైనున్న వాక్యం మాత్రం కొరుకుడు పడలేదు. దేన్ని కన్ఫర్మ్ చెయ్యాలని అడిగింది.

“చదువుకోడానికొచ్చావా, పనికొచ్చావా?” అన్నాడు గడియారం.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఊరుకోమని పెద్దకోడలు కళ్లతోనే చెప్పింది. చిన్నకోడలు కూడా నవ్వేసి దుప్పటి అంచు అందుకుంది.

చదివేవారు ఈ నవ్వు దగ్గర కాస్త ఆగాలని నా మనవి. కన్ఫర్మ్ అనే మాట మనలో ఎవరికి తెలియదు? సీటు కన్ఫర్మ్ అయిందంటాం. సంబంధం కన్ఫర్మ్ అయిందంటాం. ఉద్యోగం కన్ఫర్మ్ కాలేదని దిగులు పడతాం. ఇన్నిసార్లు నోట్లో నానిన మాటకు వేరే అర్థం అడగడమెందుకని ఎవరికీ తోచదు. అయితే వీటన్నిటిలోనూ కన్ఫర్మ్ చేసేవాళ్లు ఎక్కడో పైనుంటారు. మనం ఎదురుచూసేవాళ్లం మాత్రమే. ఆ క్రియకు కర్తగా నిలబడమని ఆ తోడికోడళ్లను అంతకుముందు ఏ ఆఫీసూ, ఏ పెద్దమనిషీ అడిగిన పాపాన పోలేదు. మొదటిసారి అడిగింది ఆ మిషన్. అదీ వాళ్లకు రాని భాషలో అడిగింది.

అది అడిగిన ప్రశ్న ఏమిటో నేను చెబుతాను, ఎందుకంటే ఆ గదిలో చెప్పగలిగినవాళ్లు చెప్పలేదు. రోలర్లకు ముందు అడ్డంగా ఒక సన్నని కడ్డీ ఉంటుంది. పొరపాటున చెయ్యి అటు పోతే ముందు ఆ కడ్డీకి తగులుతుంది, తగలగానే రోలర్లు ఆగిపోతాయి. “కడ్డీని చేత్తో తోసి చూశారా? అది కదలడం మీ కళ్లతో చూశారా?” అన్నదే తెర మీది ప్రశ్న. చూసినవాళ్లు మాత్రమే పచ్చమీట నొక్కాలి.

ఆ గదిలో ఏ కడ్డీని తోసినా కదలదు. దుప్పటి కాస్త ఉబ్బినా కడ్డీకి తగిలి మిషన్ ఆగిపోతోందనీ, హోటలు లారీ వచ్చేసరికి మూటలు సిద్ధం కావడం లేదనీ మేనేజరు విసుక్కున్నాడు. ఆయన విసుగు గడియారానికి ఆజ్ఞ అయింది. గడియారం మెకానిక్‌ని పిలిచి అన్ని కడ్డీలనూ చిరుగు దుప్పటి పీలికలతో వెనక్కి కట్టెయ్యమన్నాడు. ఇది మంచిది కాదని మెకానిక్ ఒకసారి గొణిగి, ఆ పైన కట్టేశాడు. ఎప్పుడూ అక్కడే ఉండే పీలికలు కనుక ఆడవాళ్లు వాటిని మిషన్‌లో ఒక భాగమే అనుకున్నారు.

అలా ఆ గదిలోని ప్రతి మనిషీ తన కడ్డీ భేషుగ్గా ఉందని రోజంతా సాక్ష్యం చెబుతూనే ఉంది. తాను సాక్ష్యం చెబుతున్నానన్న సంగతి మాత్రం ఆమెకు తెలియదు. పచ్చమీటకు వాళ్లు పచ్చమ్మ అని పేరు కూడా పెట్టుకుని, మొరాయించిన మిషన్‌ని కదిలించే తల్లి అని వేళాకోళమాడుకునేవారు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆగిన మిషన్‌ని పెద్దకోడలు తన కార్డు చూపించి, పచ్చమీట నొక్కి తిప్పింది. రోలర్లు తిరుగుతుండగా దుప్పటి అంచు ముడుచుకుపోయింది. పెద్దకోడలు అలవాటు కొద్దీ దాన్ని సర్దడానికి చెయ్యి చాపింది. దుప్పటితో పాటు రోలర్లు ఆవిడ కుడిచేతిని కూడా లాక్కున్నాయి. చిన్నకోడలు పరుగెత్తి గోడకున్న ఎర్రమీటను పిడికిలితో గుద్దితే మిషన్ ఆగింది. ఆ తరువాత చూసినదాన్ని నేను వర్ణించను. మీ కంటతడి నాకు అక్కర్లేదు, నాకు కావలసింది మీ కోపం. ఆవిడ ప్రాణం దక్కింది, కుడిచేతి వేళ్లలో బొటనవేలు ఒక్కటే దక్కింది.

మర్నాడు మేనేజరు పళ్ల సంచీతో ఆసుపత్రికి వచ్చాడు. మంచం దాకా రాలేదు. వరండాలో పెద్దకోడలి భర్తను పక్కకు పిలిచి, చాలా బాధగా ఉందన్నాడు. అయినా కడ్డీ సరిగ్గా ఉందా అని మిషన్ అడిగిందనీ, సరిగ్గా ఉందని ఆవిడే కన్ఫర్మ్ చేసిందనీ, కార్డు కూడా ఆవిడదేననీ, ఇక కంపెనీ చేయగలిగేదేముందనీ అన్నాడు. విచారణ జరుగుతుంది. అందులో తప్పు తనదేనని ఆవిడ ఒప్పుకుంటే, జాలి తలచి ఎక్కడో ఊడ్చే పనైనా ఇప్పిస్తాడు. ఒప్పుకోకపోతే నిర్లక్ష్యం కింద పని పోతుంది, వైద్యం సంగతి కూడా ఇంటివాళ్లే చూసుకోవాలి. దొంగే దొంగ దొంగ అని అరవడమంటే ఇదే. కాకపోతే ఈ దొంగ అరవలేదు, మర్యాదగా, మెత్తగా చెప్పి వెళ్లాడు.

ఆ భర్త వ్యాను డ్రైవరు, మంచివాడే. ఆ మాటలు మింగలేక లోపలికొచ్చి పెళ్లాం మీద కక్కాడు. చూసుకోకుండా ఎందుకు నొక్కావని అడిగాడు. కోడల్ని అనే అవకాశాన్ని జన్మలో వదులుకోని అత్తగారు కూడా ఆ పూట నోరెత్తకుండా కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది.

“అన్నదాంట్లో తప్పేముందే? నేనే కదా నొక్కాను,” అంది పెద్దకోడలు తోడికోడలితో. “చేసుకున్నదానికి అనుభవించాలి.”

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. చేతి నొప్పికి ఆసుపత్రిలో మందుంది. వేళ్లు పోగొట్టుకున్న మనిషి, పోగొట్టినవాళ్ల తరఫున తనను తానే తిట్టుకుంటుంటే, దానికి ఏ మందూ లేదు. యంత్రం ఆవిడ చెయ్యి ఒక్కటే లాక్కుంది. మేనేజరు సంచీలో పళ్లు తెచ్చి, ఆవిడ మనసులోని నిజాన్ని పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రం పెద్దకోడలికి రక్తం ఎక్కించడానికి ఇద్దరు నర్సులు వచ్చారు. చిన్నకోడలు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పెద్ద నర్సు రక్తం సంచీ మీద రాసి ఉన్న పేరు, గ్రూపు, నంబరు పైకి చదివింది. చిన్న నర్సు రోగి మణికట్టుకున్న పట్టీ చూసి అవన్నీ మళ్లీ చదివింది. అంతటితో ఆగకుండా, పేరు చెప్పమని రోగినే అడిగింది. విన్నాక, “కన్ఫర్మ్,” అంది. అప్పుడుగానీ పెద్ద నర్సు గొట్టం తగిలించలేదు.

చిన్నకోడలి చెవిలో ఆ మాట సూదిలా దిగింది. చిన్న నర్సు వెళ్లిపోయాక, పెద్ద నర్సు సంచీ సరిచేస్తుండగా అడిగింది.

“సిస్టర్, ఆవిడ దేన్నీ నొక్కలేదు కదా. మరి కన్ఫర్మ్ అందేంటి?”

నర్సుకు మొదట నవ్వొచ్చింది. ఆ పిల్ల ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. మంచం మీది చేతికట్టు వైపు చూసి, ఏం జరిగిందని అడిగింది. చిన్నకోడలు మిషన్ గురించీ, మీట గురించీ, మేనేజరు మాటల గురించీ చెప్పింది. 

“కన్ఫర్మ్ చెయ్యడమంటే నొక్కడం కాదమ్మా,” అంది నర్సు. “నా కళ్లతో చూశాను, సరిగ్గా ఉంది, తేడా వస్తే పూచీ నాది అని చెప్పడం. చూడకుండా ఆ మాట అనకూడదు. పెద్ద డాక్టరు పక్కన నిలబడి తొందరపెట్టినా సరే, అనకూడదు.”

“అనకపోతే ఏమవుతుంది?”

“ఏమీ కాదు. చూసేదాకా రక్తం ఎక్కించరు. ఆపడానికే కదా ఆ మాట అక్కడ పెట్టింది.”

 తానూ ఆ మీటను ఎన్నిసార్లు నొక్కిందో చిన్నకోడలు గుర్తు చేసుకోబోయి మానేసింది. మనుషుల్ని కాపాడటానికి పెట్టిన మాట అది. దాన్ని మనుషుల మెడకు ఉచ్చుగా వాడుకున్నారు. అర్థం చెబితే ఆగిపోతారు. చెప్పకపోతే నొక్కుతూనే ఉంటారు. అందుకే చెప్పలేదు. మొదటిరోజు తన ప్రశ్నకు వచ్చిన జవాబు వేళాకోళం కాదని ఇప్పుడు తెలిసి, ఆమెకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది.

రక్తం ఎక్కుతుండగానే, తాను అక్కా అని పిలిచే తోడికోడలికి అన్నీ చెప్పింది. పెద్దవాళ్లతో మనకెందుకంది అక్క. ఊడ్చే పనైనా ఇస్తామన్నారు, తప్పు ఒప్పుకుంటే పోయేదేముంది అంది. ఆ మాట అన్నాక ముఖం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు చిన్నకోడలు పనిలోకి వెళ్లింది. ఆ మిషన్‌నే కడిగి తుడిచి సిద్ధంగా ఉంచారు. పాత పీలికకు రక్తం అంటింది కాబట్టి దాన్ని విప్పేసి కొత్త పీలికతో కడ్డీని కట్టారు. అంతకు మించి అక్కడ మారిందేమీ లేదు. అక్క నిలబడే మూలలో, నిద్రలో కూడా మాట్లాడుతుందని పేరున్న ‘రేడియో’ అనే ఆవిడను నిలబెట్టారు.

కొంతసేపటికి దుప్పటి రోలర్లలో ఇరుక్కుని మిషన్ ఆగింది. తెర మీద ప్రశ్న వచ్చింది, పచ్చమీట వెలిగింది. చిన్నకోడలు దాన్ని ముట్టుకోలేదు. ముందుకు వెళ్లి కడ్డీని చేత్తో తోసింది. మళ్లీ గట్టిగా తోసింది. వెనక్కి వచ్చి, పక్క మిషన్లవాళ్లకు కూడా వినబడేలా, నర్సులు చదివినట్టే పైకి చెప్పింది.

“కడ్డీ కదలట్లేదు. గుడ్డతో కట్టేసి ఉంది. నేను కన్ఫర్మ్ చెయ్యను.”

గడియారం పరుగున వచ్చాడు. టైమెంతయిందో చెప్పాడు. లారీ బయల్దేరిందన్నాడు. నొక్కమన్నాడు. ఇంటికి పంపించేస్తానన్నాడు. చిన్నకోడలు అన్నీ విని, మీట ముందు నుంచి పక్కకు జరిగింది.

“నేను చూసింది ఒకటి, ఇది చెప్పమంటున్నది ఇంకొకటి. పూచీ నేను పడలేను. బాగానే ఉందని మీరంటున్నారు కాబట్టి, మీ కార్డు పెట్టి మీరే నొక్కండి సార్.”

గడియారం మెడలోని కార్డు పైకి తీసి, రెండో చెయ్యి మీట వైపు చాపాడు. జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. ఆగి, వెనక్కి వచ్చి, జేబులోకి పోయింది. మెకానిక్‌ని కేకేసి నొక్కమన్నాడు. చేతులకు గ్రీజుందన్నాడు మెకానిక్. రోజూ గ్రీజు చేతులతోనే అన్నం తినే మనిషి ఆ మాట అంటుంటే ఎవరికీ నవ్వు రాలేదు. ఈలోగా మేనేజరే మేడ దిగి వచ్చాడు. తెర చూశాడు, కట్టేసిన కడ్డీ చూశాడు. తన కార్డు ముట్టుకోలేదు. ఏదో ఒకటి చేసి నడిపించమని గడియారానికి నెమ్మదిగా చెప్పాడు. గడియారం మెకానిక్‌ని చూశాడు. మెకానిక్ నేల చూపులు చూశాడు.

మాట ఆపని రేడియో అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పింది.

“అయితే దీనర్థం వీళ్లందరికీ ముందు నుంచీ తెలుసన్నమాట.”

ఆ మాట గదిలో ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పాకింది. ఒక్కొక్క ఆడమనిషీ చేతిలోని దుప్పటి కింద పెట్టి, వెళ్లి తన కడ్డీని తోసి చూసింది. ఏదీ కదల్లేదు. ఒకదాని తరువాత ఒకటిగా మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆ గదిలో పగటిపూట పక్క మనిషి ఊపిరి వినబడటం అదే మొదలు. మేనేజరు బెదిరించాడు, తరువాత బతిమాలాడు. ఎవరూ ఆయనతో వాదించలేదు. కట్లు విప్పించండి, తోసి చూస్తాం, కదిలితే నొక్కుతాం అని మాత్రం అన్నారు. కడకు మెకానిక్ ఎవరూ చెప్పకుండానే జేబులోంచి కత్తి తీసి, ముందు పెద్దకోడలి మిషన్ దగ్గరున్న పీలిక కోసేశాడు.

ఆ రోజు లారీ ఆలస్యంగా వెళ్లింది. హోటళ్లు మూతపడలేదు, ఆకాశం విరిగి పడలేదు. అంత తేలికైన పనికి ఒక మనిషి వేళ్లు పోవలసి వచ్చిందే అన్నది తలచుకుంటే నా కడుపు రగిలిపోతుంది.

విచారణ మేనేజరు గదిలోనే పెట్టారు. ప్రభుత్వం తరఫున తనిఖీ అధికారి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. గడియారాన్నీ, మెకానిక్‌నీ కూడా పిలిపించి ఒక పక్క నిలబెట్టారు. అంతకుముందు రోజు మేనేజరు మళ్లీ కబురు పంపాడు. ఊడ్చే పని కాదు, లెక్క చూసుకునే తేలిక పనే ఇస్తానన్నాడు. తప్పు ఒప్పుకుంటే చాలు. పెద్దకోడలు భర్తనూ, తోడికోడల్నీ వెంటబెట్టుకుని, మోచేతి దాకా కట్టుతో లోపలికి వచ్చింది. ఏం చెప్పబోతోందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నోట్లో నాలుక లేని మనిషని పేరున్న ఆవిడ తల వంచుకుని ఒప్పేసుకుంటుందనే చిన్నకోడలు లోలోపల భయపడుతోంది.

ముగింపు దాచి మిమ్మల్ని ఊరించడం నాకిష్టం లేదు. ఆ విచారణలో పెద్దకోడలి తప్పేమీ లేదని తేలింది. ఆవిడ పని పోలేదు, వైద్యం భారం కంపెనీ మీదే పడింది. కడ్డీలు కట్టించినవాళ్లు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. పోయిన వేళ్లు మాత్రం ఏ అధికారీ తెచ్చి ఇవ్వలేడు. అయితే నేనింత రాసింది ఆ తీర్పు కోసం కాదు, దానికి ముందు ఆవిడ చెప్పిన నాలుగు మాటల కోసం. మన ఇళ్లలో, మన ఆఫీసుల్లో, రాని భాషలో ఎక్కడ ఎవరిచేత ఏం ఒప్పిస్తున్నా, ఈ మాటలు గుర్తు రావాలి.

కడ్డీ సరిగ్గా ఉందని మీరు కన్ఫర్మ్ చేశారా అని అధికారి అడిగాడు. పెద్దకోడలు మేనేజరు వైపు ఒకసారి చూసి, మళ్లీ అధికారి వైపు తిరిగింది.

“నొక్కింది నేనే సార్, అబద్ధం చెప్పను. ఏళ్ల తరబడి నొక్కాను. దానర్థమేంటో ఈ గదిలో ఉన్న పెద్దలందరికీ తెలుసు, మాకు తెలీదు. తెలిస్తే మేం ఆగుతామని వీళ్లకి తెలుసు, అందుకే చెప్పలేదు. మొన్న మా చెల్లి మీరే నొక్కండి అంటే వీళ్లలో ఒక్కరు కూడా చెయ్యి పెట్టలేదు. అర్థం చెప్పకుండా మాచేత అనిపించిన మాటకి పూచీ మాది కాదు సార్, అర్థం తెలిసీ మాచేత అనిపించినవాళ్లది.”